ముగ్గు నుంచి తెర దాకా: గృహరూపకల్పనలో దూరసహాయకులు, సూచనల తెలుగు

వ్యాససంగ్రహం:
ఇల్లు గీసేవారు ఒక ఊళ్లో, కట్టేవారు మరో ఊళ్లో ఉండే పనిపద్ధతి తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాలకూ వచ్చింది. స్థలాన్ని చూడకుండా ప్లాను గీసే, గదుల అలంకరణకు బొమ్మలు తయారుచేసే దూరసహాయకులకు ఇల్లు ప్రధానంగా మాటల ద్వారానే అందుతుంది. ఆ మాటలు ఎక్కడ సరిపోతున్నాయో, ఎక్కడ జారిపోతున్నాయో ఈ వ్యాసం వృత్తిభాషాదృష్టితో వివరిస్తుంది. ఈ పనిలో జరిగే నష్టాల్లో చాలావాటికి మూలం సాంకేతికలోపం కాదనీ, సూచనల్లోని సందిగ్ధతేననీ, దాన్ని తొలగించగల పదసంపద తెలుగు నిర్మాణవృత్తుల్లో ఇప్పటికే ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దూరసహాయకులు, గృహరూపకల్పన, వృత్తిపదాలు, త్రికాలు, కొలతలు, దిక్కులు, సూత్రగ్రాహి.

1. ప్రవేశిక

ఇంటి నుంచి పని అనగానే మనకు సాఫ్ట్‌వేరు ఉద్యోగమే స్ఫురిస్తుంది. కానీ నిర్మాణరంగంలో కూడా ఒక భాగం ఇళ్లలోకి చేరి చాలాకాలమైంది. 1982లో ఆటోక్యాడ్ విడుదలైన తరువాత డ్రాయింగుబల్ల క్రమంగా కంప్యూటరు తెరగా మారింది. గీసిన ప్లానును ఫైలుగా పంపే వీలు కలిగాక, గీసే మనిషి ఆర్కిటెక్టు పక్కనే కూర్చోవలసిన అవసరం పోయింది. స్కెచప్, రెవిట్, లుమియాన్ వంటి సాధనాలు వచ్చాక ఇంకా కట్టని ఇంటికి ఫొటోలాంటి బొమ్మ తీయడం ఒక ప్రత్యేకవృత్తి అయింది. తెనాలిలో డిప్లొమా చదివిన యువతి హైదరాబాదు సంస్థకు వంటగదుల బొమ్మలు చేసి పంపవచ్చు. రేపల్లెలోని ఇంజినీరు తన దగ్గరకు వచ్చిన యజమాని కోసం ఎక్కడో ఉన్నవారి చేత ‘త్రీడీ’ చేయించుకోవచ్చు. పని రెండు దిశల్లోనూ ప్రవహిస్తోంది.

ఈ మూడు పట్టణాలు ఒకే డెల్టాకు చెందినవి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది. పాలనాపరంగా విడిపోయినా మేస్త్రీలు, వడ్రంగులు, వారి మాటలు మాత్రం తెనాలి – రేపల్లె రైలు మార్గంలో ఎప్పటిలాగే అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. అందుకే ఈ ప్రాంతాన్ని ఒకే వాడుకమండలంగా తీసుకోవడం సమంజసం.

ఈ పనిపద్ధతిపై వాణిజ్య, యాజమాన్య కోణాల్లో రాయడం సులభం. ఖర్చు తగ్గుతుంది, సమయం కలిసివస్తుంది వంటి మాటలు అందరికీ తెలిసినవే. భాషావిద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు. చూడని ఇంటిని ఒకరు గీయాలంటే చూసినవారు దాన్ని ఎలా చెప్పాలి?

2. సూత్రగ్రాహి స్థానం

ఆలోచించేవారు వేరు, కొలిచేవారు వేరు, కట్టేవారు వేరు అనే విభజన కొత్తది కాదు. మయమతం శిల్పులను నాలుగు తెగలుగా చెబుతుంది: స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి. స్థపతి సంకల్పకర్త. సూత్రగ్రాహి ఆయన కుమారుడో శిష్యుడో అయి ఉండి, ఆయన ఆజ్ఞను అనుసరించి సూత్రం పట్టి కొలిచేవాడు. తక్షకుడు చెక్కేవాడు, వర్ధకి కూర్చేవాడు. తెలంగాణలో తాపీమేస్త్రీని ‘సుతారి’ అనడం మనకు తెలుసు. ఉత్తరాదిలో వడ్రంగిని పిలిచే ‘సుతార్’ లాగా ఇది కూడా సూత్రశబ్దంతో ముడిపడిన మాటగానే కనిపిస్తుంది.

ఇక్కడ గమనించవలసింది సూత్రగ్రాహికి చెప్పిన అర్హత. కొడుకో శిష్యుడో కావాలనడంలో కులవృత్తి వారసత్వం ఉన్న మాట నిజమే. కానీ దానితోపాటు భాషకు సంబంధించిన ఒక అవసరం కూడా ఉంది. ఏళ్ల తరబడి పక్కనే మెలిగినవాడికి సగం మాట చాలు. ‘అది కాస్త తగ్గించు’ అంటే ఏది, ఎంత అన్న ప్రశ్న రాదు. దూరసహాయకుడు చేసేది సూత్రగ్రాహి పనే. కానీ అతడు కొడుకూ కాదు, శిష్యుడూ కాదు, తరచు ఆ ఊరివాడూ కాదు. ఒక నెల ఒక సంస్థకు, మరుసటి నెల మరో సంస్థకు పనిచేస్తాడు. సగం మాటను పూరించే సహవాసం అతడికి లేదు.

దూరం నుంచి కట్టించిన మహానిర్మాణాల్లో కూడా ఈ సమస్యను మనుషుల ద్వారానే పరిష్కరించారు. 1951లో చండీగఢ్ పని మొదలైనప్పుడు లె కొర్బూజియే పారిస్‌లోని తన కార్యాలయాన్ని వదిలి రాలేదు. ఏడాదికి రెండు మార్లు వచ్చిపోయే ఏర్పాటు చేసుకున్నాడు. ఆయన బంధువు, సహచరుడు అయిన పియరె జాన్నరే మాత్రం 1965 దాకా ఇక్కడే ఉండి పని నడిపించాడు. పారిస్ గీతకూ పంజాబు ఇటుకకూ మధ్య ఆ మనిషే వ్యాఖ్యాత. (తెనాలిని ‘ఆంధ్రా పారిస్’ అని పిలుచుకునే మనకు ఈ ఉదాహరణ ఇంకాస్త దగ్గరగా అనిపిస్తే తప్పులేదు.) మన కళ్లముందు జరిగినది అమరావతి. శాసనసభ, హైకోర్టు భవనాల రూపకల్పన లండన్‌లోని ఫాస్టర్ అండ్ పార్ట్‌నర్స్ సంస్థది. ఆ నమూనాల్లో తెలుగుదనం ఎలా కనిపించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు 2017లో రాష్ట్రప్రభుత్వం సినీదర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి సూచనలను కోరింది. దర్శకుడికీ భవనానికీ ఏమి సంబంధమని అప్పట్లో కొందరు నవ్వారు. కానీ తాను మనసులో చూసినదాన్ని చూడనివారికి చెప్పి చేయించడమే దర్శకుడి నిత్యకృత్యం కదా! ఆ కోణంలో చూస్తే ఆ ఎంపిక అంత వింతగా తోచదు.

రెండంతస్తుల మధ్యతరగతి ఇంటికి జాన్నరేలు దొరకరు. అక్కడ ఆ పని సూచనే చేయాలి.

3. ముగ్గు, కొలత

కోస్తాలో పునాదికి ముందు స్థలంపై సున్నంతోనో ముగ్గుపిండితోనో గోడల గీతలు వేయడాన్ని ‘ముగ్గు పోయడం’ అంటారు. గూటాలు పాతి, దారం కట్టి, మూడు–నాలుగు–ఐదు అడుగుల త్రిభుజంతో మూలమట్టం సరిచూసి, దారం వెంట పిండి వదులుతారు. వాకిట్లో ఆడవారు వేసేదానికీ, మేస్త్రీ వేసేదానికీ ఒకే మాట వాడటం వెనుక భాష చేసిన చక్కని పోలిక ఉంది. అయితే వృత్తిదృష్టిలో ముగ్గుకు ఇంకొక విశేషముంది: అది ఇంటికి అసలు పరిమాణంలో వేసిన చిత్రం. యజమాని దానిలోకి నడిచివెళ్లి నిలబడగలడు. ఇంటి పెద్దామె పడకగది గీతల మధ్య చేతులు చాచి, మంచం ఇటు వేస్తే నడవడానికి చోటు ఉండదని చెప్పగలదు. మేస్త్రీ అక్కడికక్కడే దారం జరపగలడు. ప్లాను చదవడం రాని మనిషికి కూడా ఇంటిపై అభిప్రాయం చెప్పే హక్కును ముగ్గు ఇచ్చింది.

త్రీడీ బొమ్మ ఆ హక్కును మరో రూపంలో ఇస్తుందని అనిపిస్తుంది. కానీ అది పూర్తిగా నిజం కాదు. చిన్నగదిని చూపించడానికి బొమ్మ తయారుచేసేవారు వెడల్పు దృష్టికోణాన్ని ఎంచుకుంటారు. చాలాసార్లు అడ్డువచ్చే గోడను తీసివేసి, కెమెరాను గది బయట పెడతారు. దానివల్ల గది ఉన్నదానికంటే విశాలంగా కనిపిస్తుంది. ఇది మోసం కాదు, ఆ మాధ్యమ స్వభావం. ఆ సంగతి యజమానికి ఎవరూ చెప్పకపోవడమే లోపం. బొమ్మను చూసి మురిసిన మనిషి ముగ్గు పోసిననాడు ‘ఇంతేనా గది’ అనడం నిర్మాణరంగంలో వినబడే మాటే.

కొలతల్లో అసలు చిక్కు అంకెల్లో లేదు, వాటికి ముందు రావలసిన మాటలో ఉంది. ‘పడకగది పన్నెండు అడుగులు’ అంటే మేస్త్రీకి సాధారణంగా లోపల నుంచి లోపలికి. స్తంభాలను లెక్కించే ఇంజినీరుకు అది మధ్య నుంచి మధ్యకు కావచ్చు. స్థలం కొలతలు మాత్రమే చేతిలో ఉన్న దూరసహాయకుడికి బయట నుంచి బయటకు అనిపించవచ్చు. గోడలు తొమ్మిదేసి అంగుళాలవి అనుకుందాం. లోపలి కొలత పన్నెండు అడుగులైతే మధ్య నుంచి మధ్యకు 12 అడుగుల 9 అంగుళాలు, బయట నుంచి బయటకు 13 అడుగుల 6 అంగుళాలు వస్తుంది. అదే పన్నెండును బయటి కొలతగా గీస్తే లోపల మిగిలేది 10 అడుగుల 6 అంగుళాలే. ఆరున్నర అడుగుల మంచం ఒక గోడకు, రెండడుగుల లోతు అలమర ఎదుటి గోడకు పెడితే మొదటి గదిలో నడవడానికి మూడున్నర అడుగులు ఉంటుంది. రెండో గదిలో రెండడుగులు. అలమర తలుపు తెరిస్తే మనిషి మంచమెక్కి నిలబడాలి. ఎవరూ లెక్క తప్పలేదు. ఒక్క పదం చెప్పలేదు, అంతే.

ఆ పదం తెలుగులో ఉంది. ‘లోకొలత’, ‘బయటికొలత’ అని మేస్త్రీలు స్పష్టంగానే అంటారు. సూచన రాసేవారు మాత్రం దాన్ని వదిలి అంకెను ఒక్కదాన్నే పంపుతారు. ఎందుకంటే తమ మనసులో అది ఒకటే కొలత.

4. త్రికాలు నిలవని చోట

చిన్నయసూరి బాలవ్యాకరణం ఆ, ఈ, ఏ అనేవాటిని త్రికాలన్నది. సంధిపాఠంలో వీటిని చదివి వదిలేస్తాం గానీ, ఇవి భాషకూ స్థలానికీ మధ్య ఉన్న కీళ్లు. ఇది, అది, ఇక్కడ, అక్కడ, ఇటు, అటు, ఇంత, అంత – ఇవన్నీ మాట్లాడేవారు ఎక్కడ నిలబడ్డారో తెలిస్తేనే అర్థమిస్తాయి. నిర్మాణస్థలంలో మాటలు చాలావరకు వీటితోనే నడుస్తాయి. ‘ఈ గోడ అటు ఇంత జరిపి, ఇక్కడ కిటికీ పెట్టు’ అన్న వాక్యం చేయి చూపిస్తూ చెబితే పరిపూర్ణం. అదే వాక్యాన్ని వాట్సాప్‌లో స్వరసందేశంగా పంపితే దానిలో మిగిలే సమాచారం దాదాపు శూన్యం. ఆ, ఈ రెండూ చేతిలోంచి జారిపోతాయి. వినేవారికి మిగిలేది మూడోదైన ‘ఏ’ ఒక్కటే: ఏ గోడ, ఎటు, ఎంత?

ఫొటోపై ఎర్రగీత చుట్టి పంపడం దీనికి అందరూ కనిపెట్టుకున్న ఉపాయం. అది చాలాసార్లు పనిచేస్తుంది. గోడ వెనుక ఏముందో, కిటికీ తెరిస్తే ఏమి తగులుతుందో మాత్రం ఫొటో చెప్పదు.

కుడి, ఎడమ అనే మాటలు త్రికాలకంటే నమ్మదగినవిగా కనిపించి అంతకంటే ఎక్కువ దెబ్బతీస్తాయి. ‘గుమ్మానికి ఎడమవైపు మెట్లు’ అంటే వీధిలో నిలబడి ఇంటిని చూస్తున్నప్పుడా, ఇంట్లో నిలబడి వీధిని చూస్తున్నప్పుడా? తలుపు ఏ పక్కకు తెరుచుకోవాలన్న విషయంలో ఈ సందిగ్ధం ఇంకా తీవ్రం. అద్దంలో బొమ్మలాగా ఇల్లంతా తిరగబడినా, చూడటానికి ప్లాను నిర్దోషంగానే ఉంటుంది.

ఇక్కడ తెలుగువారికి ఒక అనుకోని బలముంది. మనవారు ఇంటి గురించి మాట్లాడేటప్పుడు కుడిఎడమలకంటే దిక్కులనే ఎక్కువ వాడతారు. తూర్పుముఖం ఇల్లు, ఈశాన్యంలో బోరు, ఆగ్నేయంలో వంట, నైరుతిలో పడక, వాయవ్యంలో మరుగుదొడ్డి. కోస్తా ఇళ్లలో ‘పడమటిల్లు’ అనే మాట ఒక గదికి పేరుగానే స్థిరపడింది. వాస్తుపై ఎవరి నమ్మకం వారిది. దాని ఫలితాల సంగతి ఈ వ్యాసానికి అవసరం లేదు. కానీ భాషాపరంగా చూస్తే, నాలుగు దిక్కులు, నాలుగు మూలలు కలిసి ఎనిమిది పేర్లతో వాస్తు తెలుగు యజమానికి ఒక అక్షపటాన్ని చేతికిచ్చింది. మాట్లాడేవారు ఎక్కడున్నా, వినేవారు ఎక్కడున్నా ‘నైరుతిగది దక్షిణపు గోడ’ ఒకటే. చదువురాని రైతు కూడా రేపల్లెలో కూర్చుని బెంగుళూరులో ఉన్న మనిషికి తన ఇంటిలో ఏ గోడనైనా ఫోనులో గుర్తు చెప్పగలడు. ఈ సౌకర్యం కుడిఎడమలపై ఆధారపడే భాషాసమాజాలకు లేదు.

ఒక్క సూచన ఉదాహరణగా చూద్దాం. ‘హాల్లో ఆ చివర గోడకి టీవీ, పక్కన చిన్న గూడు, వెనక రూముకి తలుపు కొంచెం ఇటు జరపాలి’ అన్నది నిత్యం వినే మాట. దీన్నే ఇలా రాయవచ్చు: ‘హాలు పడమటి గోడకు టీవీ. ఆ గోడ ఉత్తరపు చివర నుంచి దక్షిణానికి ఒక అడుగు వదిలి, నేల నుంచి మూడడుగుల ఎత్తులో గూడు. వెడల్పు అడుగున్నర, ఎత్తు రెండడుగులు, లోతు ఆరంగుళాలు. నైరుతిగది తలుపు ఇప్పుడున్న చోటు నుంచి తూర్పుకు తొమ్మిదంగుళాలు జరపాలి. తలుపు గది లోపలికి, పడమటి గోడ మీదికి తెరుచుకోవాలి. కొలతలన్నీ లోకొలతలు.’ రెండో సూచనలో ఒక్క కొత్తమాట లేదు, ఒక్క పారిభాషికపదం లేదు. మొదటిదానికంటే రాయడానికి మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

‘వెనక’ అన్న మాటకు కూడా ఇదే గతి. ‘వెనక రూము’ అంటే వీధికి దూరంగా ఉన్నదా, మాట్లాడేవారి వెనుక ఉన్నదా, ముందు చెప్పిన గోడకు అవతలిదా?

5. రంగు, గట్టు, సజ్జ

గదుల అలంకరణలో అంకెలకు లొంగని విషయాలు ఎక్కువ. వాటిలో మొదటిది రంగు. ఈ ప్రాంతపు ఇల్లాలు రంగులను చీరల ద్వారా, తిండిపదార్థాల ద్వారా చెబుతుంది: గంధంరంగు, మీగడరంగు, వంకాయరంగు, ఉల్లిపొరరంగు, చిలకపచ్చ, నెమలికంఠం, ఇటుకరంగు, రాణీరంగు. ఈ పదాలు ఎంతో సూక్ష్మమైనవి. గంధానికీ మీగడకూ ఉన్న తేడాను ‘క్రీము’ అన్న ఒక్క మాట మింగేస్తుంది. దూరసహాయకుడు తెలుగువాడైతే ఆ తేడా అందుతుంది. కాకపోతే మధ్యలోని సంస్థ దాన్ని ‘క్రీము’గా అనువదించి పంపుతుంది. పోయిన రంగు తిరిగి రాదు. పైగా ఫోను తెరపై కనిపించే రంగు, గోడపై ఆరిన రంగు ఒకటి కావు. కాబట్టి రంగుల కంపెనీ పట్టికలోని సంఖ్యను చెప్పడమే పనికి క్షేమం. అయితే ఆ సంఖ్యకు చేరే దారి మాటే. ‘మీగడ కాదు, గంధం’ అన్న తరువాతనే పట్టికలో ఏ పుట తెరవాలో తెలుస్తుంది.

వంటగదిలో ‘గట్టు’ అన్న పదం చూడండి. పొయ్యి పెట్టే అరుగును ఈ ప్రాంతంలో గట్టు అంటారు. పొలానికీ, కాలువకూ, చెరువుకూ గట్టు ఉన్న డెల్టాలో ఇది సహజమైన విస్తరణ. ‘సజ్జ’ అనే మాట కిటికీపై ఎండ, వాన పడకుండా బయటకు వేసే పలకకు వాడతారు. గదిలోపల సామాను పెట్టుకునే పైపలకకు కూడా కొందరు అదే మాట వాడతారు, మరికొందరు దాన్ని ‘అటక’ అంటారు. కొత్తతరం రెండోదాన్ని ‘లాఫ్ట్’ అంటుంది. ‘వంటింట్లో సజ్జ వేయాలి’ అన్న సూచన బయటి పలకగా మారితే దోషమెవరిది? మాండలికభేదం దీన్ని మరింత పెంచుతుంది. తెలంగాణలో ‘అర్ర’, ఇక్కడ ‘గది’. అక్కడ ‘దర్వాజ’, ఇక్కడ ‘గుమ్మం’, ‘ద్వారబంధం’. హైదరాబాదు కార్యాలయం, తెనాలి సహాయకురాలు, బాపట్ల వడ్రంగి ముగ్గురూ తెలుగువారే అయినా ముగ్గురి మధ్య చిన్న పదకోశం ఒకటి ఉండటం మేలు.

అంకణం సంగతి ఇంకా విచిత్రం. పాత ఇళ్లలో అది రెండు దూలాల మధ్య ఎడం, ఒక గదిపట్టు. నెల్లూరు వెళ్తే స్థలం కొలత, 72 చదరపు అడుగులు. తిరుపతిలో అదే మాటకు 36 చదరపు అడుగులు.

6. నేల చెప్పే సంగతులు

దూరసహాయకుడికి అందని మరో విషయం నేల. బాపట్ల వైపు సముద్రతీరపు ఇసుకనేల, ఉప్పుగాలి. రేపల్లె పరిసరాల్లో డెల్టా నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. ఒకే ప్లానును రెండు చోట్లా కట్టలేరు. పునాది, ఇనుము, పూత, కిటికీ చట్రం ఏ లోహంతో చేయాలన్నది – అన్నీ మారతాయి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమనే కాక ఈ తీరాన్నీ ముంచింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇక్కడి మేస్త్రీ బేస్‌మట్టం ఎత్తుగా పెట్టమన్నా, సముద్రం వైపు పెద్ద అద్దాలకిటికీ వద్దన్నా దాని వెనుక ఆ అనుభవముంది. కానీ అతడు కారణం చెప్పడు. స్థానికులకు చెప్పనవసరం లేదు కదా! దూరంలో ఉన్నవారికి ఆ సలహా పాతకాలపు భయంలాగా కనిపిస్తుంది. ఎలివేషన్ అందం కోసం బేస్‌మట్టం తగ్గించి, ఆగ్నేయపు గోడను అద్దంతో నింపిన బొమ్మ పంపుతారు. యజమాని ఆ బొమ్మనే ఇష్టపడతాడు.

సూచనలో ‘ఏమిటి’తోపాటు ‘ఎందుకు’ కూడా ఒక వాక్యంలో చేరిస్తే సహాయకుడు ప్రత్యామ్నాయం ఆలోచించగలడు. కారణం తెలియని ఆజ్ఞను అతడు పాటించడమో పక్కన పెట్టడమో తప్ప మరేమీ చేయలేడు. స్థానికులైన దూరసహాయకుల విలువ ఇక్కడ బయటపడుతుంది. తెనాలిలో కూర్చున్న సహాయకురాలికి జీతం హైదరాబాదు నుంచి వచ్చినా, బాపట్ల గాలి ఎలాంటిదో ఎవరూ చెప్పనక్కరలేదు. కనుక దూరమన్నది కిలోమీటర్లతో మాత్రమే కొలవదగినది కాదు.

7. అడుగులు, మీటర్లు

మన దేశంలో 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చింది. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవననిబంధనలు సెట్‌బ్యాకులను మీటర్లలో చెబుతాయి. పురపాలక అనుమతికి ఆన్‌లైన్‌లో సమర్పించే ప్లానూ మీటర్లలోనే ఉంటుంది. మేస్త్రీ టేపు మాత్రం ఇప్పటికీ అడుగుల వైపే తిరిగి ఉంటుంది. స్థలం సెంట్లలో (సెంటుకు 48.4 చదరపు గజాలు), ఇల్లు చదరపుటడుగుల్లో, ఇనుము కిలోల్లో నడుస్తాయి. ఒకే ఇంటిని మూడు నాలుగు కొలమానాల్లో ఏకకాలంలో ఆలోచించడం మన సహాయకులకు మాతృభాషంత సహజం.

దీనికి ఊహించని ప్రయోజనం ఒకటి ఉంది. అమెరికా నిర్మాణరంగం కూడా అడుగులు, అంగుళాలతోనే నడుస్తుంది. అక్కడి సంస్థకు పనిచేసే తెనాలి యువకుడికి మేస్త్రీ దగ్గర నేర్చిన అంగుళాల లెక్క అక్షరాలా పనికివస్తుంది. కానీ పదాలు అక్కడా మాయచేస్తాయి. వారి గోడల చట్రాల్లో వాడే ‘టూ బై ఫోర్’ కర్ర నిజానికి ఒకటిన్నర అంగుళాలకు మూడున్నర అంగుళాలు. పేరులోని అంకెలు చిత్రిక పట్టకముందువి. మన దేశపు ప్రామాణిక ఇటుక కూడా 190 మిల్లీమీటర్లుండి, సున్నపుజోడింపుతో కలిపి 200గా లెక్కకు వస్తుంది. కొలతగా కనిపించే అంకె నిజానికి పేరు కావచ్చని తెలియనివారు గోడ మందం తప్పుగా గీస్తారు.

8. స్వరసందేశాలు, పదకోశాలు

మాండలిక వృత్తిపదకోశ నిర్మాణాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టినప్పుడు భద్రిరాజు కృష్ణమూర్తి కూర్చిన వ్యవసాయపదాల సంపుటం 1962లో వెలువడింది. ఆ పరంపరలోనే బూదరాజు రాధాకృష్ణ వాస్తుపదాలను, అంటే గృహనిర్మాణవృత్తుల మాటలను సంకలించారు. నిట్రాడ, దూలం, వాసం, వెన్నుగాడి, చూరు, గడప వంటి మాటలు ఏ ప్రాంతంలో ఎలా పలుకుతాయో తెలుసుకోవడానికి పరిశోధకులకు ఇటువంటి సంకలనాలే ఆధారం. అదే బూదరాజు తరువాత పత్రికారచయితలకు భాష నేర్పారు. వృత్తిపదాలను సేకరించిన మనిషే స్పష్టంగా రాయడం ఎలాగో బోధించడం యాదృచ్ఛికం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అయితే ఆ సంకలనాలు పెంకుటిళ్ల కాలానివి. స్లాబు, సెంట్రింగు, లింటలు, ప్లింతుబీము, ఫాల్స్ సీలింగు, లామినేటు, మాడ్యులర్ కిచెను – ఈ మాటలు తెలుగు ప్రత్యయాలను తొడుక్కుని తెలుగైపోయాయి. మేస్త్రీ, అలమర అన్నవి పోర్చుగీసు మాటలని ఇప్పుడు ఎవరికి గుర్తుంది? వీటిని పరభాషాపదాలుగా తోసిపుచ్చి సంస్కృతసమాసాలు కల్పించడం వల్ల పని జరగదు. ఏ మాటకు ఏ ఊళ్లో ఏ అర్థమో నమోదు చేయడమే కావాలి. వింతేమంటే, ఆ నమోదుకు కావలసిన సామగ్రి ఇంతకుముందెన్నడూ లేనంతగా ఇప్పుడు తయారవుతోంది. పూర్వం మేస్త్రీ మాట గాలిలో కలిసిపోయేది. ఇప్పుడు యజమాని, ఇంజినీరు, వడ్రంగి, దూరసహాయకుడు రోజూ పంపుకునే స్వరసందేశాలు వృత్తిభాషకు జీవంతమైన నమూనాలు. ఇల్లు పూర్తి కాగానే, ఫోను నిండగానే అవి చెరిగిపోతాయి. మాట్లాడినవారి అనుమతితో, పేర్లు తొలగించి, వాటిని సేకరించడం ఒక చిన్నస్థాయి పరిశోధనకు కూడా అందుబాటులో ఉన్న పనే. 1981 నుంచి ఉన్న బాపట్ల ఇంజినీరింగు కళాశాల, 2008లో ఏర్పడిన విజయవాడ ప్రణాళికా వాస్తుకళా పాఠశాల వంటివి ఈ ప్రాంతానికి దగ్గరలోనే ఉన్నాయి. తెలుగుశాఖలు వాటితో కలిసి కూర్చునే సందర్భాలు మాత్రం అరుదు.

బోధనకు సంబంధించి ఒక చిన్నమాట. డిగ్రీ తరగతుల్లో లేఖారచన, అనువాదం, ప్రకటనరచన నేర్పుతున్నాం. ఒక గదిని దాన్ని చూడని మనిషి గీయగలిగేలా రెండువందల మాటల్లో వర్ణించమని అడిగి చూడవచ్చు. ప్రబంధాల్లో పురవర్ణనను పద్యాలకొద్దీ చదివిన విద్యార్థి తన ఇంటి వసారాను కొలతతో, దిక్కుతో చెప్పగలడో లేదో తెలుస్తుంది. తరగతిలో మరొకరి చేత ఆ వర్ణన ప్రకారం గీయిస్తే తప్పు ఏ వాక్యంలో ఉందో గురువు చెప్పనక్కరలేదు.

9. పేరు

ఈ పనివారికి తెలుగులో ఇంకా పేరు కుదరలేదు. ‘దూరసహాయకులు’ అన్నది ఈ వ్యాసం కోసం వాడుకున్న మాట. వాడుకలో ‘త్రీడీ చేసేవాళ్లు’, ‘ప్లాను గీసే అబ్బాయి’, ‘క్యాడ్ అమ్మాయి’ అని వినిపిస్తుంది. చట్టంలో కూడా వారికి చోటు లేదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం 37వ సెక్షన్ ప్రకారం నమోదు కానివారు ఆర్కిటెక్టు అన్న పేరు వాడుకోకూడదు. ఆ నిషేధం పేరుకే గానీ పనికి కాదని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తీర్పు చెప్పింది. అంటే పని చేయవచ్చు, పేరు మాత్రం ఉండదు. పురపాలకసంఘానికి వెళ్లే ప్లానుపై యజమాని సంతకం ఉంటుంది, లైసెన్సు పొందిన సాంకేతికనిపుణుడి సంతకం ఉంటుంది. గీసిన మనిషి పేరు రాయడానికి ఆ కాగితంపై గడి లేదు. గోడలకు కొలత వేసినదీ, తలుపు ఏ వైపు తెరుచుకోవాలో రాత్రి పదకొండింటికి ఫోనుచేసి అడిగినదీ ఆ మనిషే.